గాలిమోటర్ల కల్లం

మా నాన్నకు వాళ్ళమ్మ పోయిన తిథి తెలియదు. ఎనభై దాటిన మనిషిని అదొక్కటే కుదిపేదంటే ఎవరూ నమ్మరు. మోకాళ్ళు అరిగిపోయాయి, కంట్లో శుక్లం తీయించాం, భార్య పోయింది, చేతికందొచ్చిన కొడుకు బండి మీద వెళ్ళి తిరిగి రాలేదు. వీటిలో దేని గురించీ ఆయన నోరు విప్పగా నేను వినలేదు. భాద్రపద మాసం వస్తే మాత్రం పంచాంగం ముందేసుకుని కూర్చుని, "తిథి తెలిస్తే బాగుండేదమ్మా" అనేవారు. తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య ఉంది కదా అని పురోహితుడు ఎప్పుడో దారి చూపించారు. అప్పటినుంచీ ఏటా ఆ రోజే అమ్మకు పిండం పెట్టేవారు. పెట్టి లేచాక, ఎవరిదో చొక్కా వేసుకున్నట్టు ఇబ్బందిగా ఉండేవారు.

ఆమె గురించి మా ఇంట్లో తెలిసినది ఇంతే. మా తాతయ్య గోదావరి కాలవ గట్ల మీద రోడ్డు రోలరు నడిపేవారు. పెద్ద యుద్ధం రోజుల్లో శంషాబాద్ అవతల మెట్ట నేలల్లో విమానాలు దిగడానికి చదునైన జాగా కావాలని దొరలు అనుకున్నారట. మొరం పోసి, కంకర పరిచి, అణగదొక్కడానికి రోలర్లు కావాలి. అలా తాతయ్య కొత్త పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఇంత దూరం వచ్చారు. నాన్న అక్కడే పుట్టారు. ఆమె అక్కడే పోయింది. కొన్ని నెలలకు తాతయ్య పసివాణ్ణి ఎత్తుకుని గోదావరి చేరారు, ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. చేసుకున్నావిడ మంచిదే, నాన్నను కడుపున పుట్టినవాడిలాగే చూసింది. కాకపోతే మొదటావిడ పేరు ఆ ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. ఫొటో కూడా లేదు. నాన్న పుట్టిన తిథి కూడా ఎవరూ రాసిపెట్టలేదు, ఉన్నది బళ్ళో మేష్టారు వేసిన తేదీయే. పదిహేనేళ్ళప్పుడు నాన్న భోజనాల దగ్గర ఒకసారి అడిగారట, అమ్మ ఏ ఊళ్ళో పోయిందని. తాతయ్య ఊరి పేరు చెప్పి, "ఇప్పుడక్కడ ఊరూ లేదు, మైదానమూ లేదు" అని విస్తరి ముందు నుంచి లేచిపోయారట. నాన్న ఇంకెప్పుడూ అడగలేదు.

అడగనివాడి మీదా కోపమే నాకు, చెప్పనివాడి మీదా కోపమే. మా ఇంటి మగవాళ్ళకు దేవుడు నోళ్ళిచ్చింది అన్నం తినడానికే అని నా అభిప్రాయం.

ఇందులో విచిత్రం ఏమిటంటే, నాన్న ఉద్యోగానికి వచ్చింది కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీకి. ఇల్లు కట్టుకున్నది మైలార్‌దేవ్‌పల్లిలో. యాభై ఏళ్ళు అక్కడే ఉన్నారు. మా డాబా మీద నిలబడితే, దిగబోయే విమానం కడుపు కింద చక్రాలు కూడా కనిపిస్తాయి. అక్కడినుంచి ఆ ఊరు గంట దూరం కూడా లేదు. ఊరే లేదని తండ్రి చెప్పాడు కాబట్టి లేదు, అంతే. వెళ్ళి చూద్దామని ఆయనకు తోచలేదు. తోచిందేమో, భయపడి ఉంటారు. అమ్మను చంపి పుట్టానన్న మాట చిన్నప్పుడు ఎవరో అన్నారని మా అమ్మతో ఒకసారి చెప్పుకున్నారట. నాతో చెప్పలేదు.

రెండేళ్ళ కిందట మా మేనత్తను విశాఖ విమానం ఎక్కించి వస్తున్నాం. పెద్ద రోడ్డు మీద లారీ ఒకటి అడ్డం పడి బండ్లన్నీ నిలిచిపోయాయి. నాకు ఓపిక తక్కువ. కారు వెనక్కి తిప్పి, ఎయిర్‌పోర్టు వెనకనుంచి జల్‌పల్లి మీదుగా పోదామని ఏదో సందులో దూరాను, దారి తప్పాను. ఒక మలుపు దగ్గర నాన్న "ఆపమ్మా" అన్నారు. పెద్దాయన, ఏదో అవసరమై ఉంటుందని ఆపాను. దిగలేదు. అద్దం దించి, రోడ్డు పక్కన ఊరి పేరున్న పచ్చ బోర్డును చూశారు. కాసేపు చూసి "సరే, పద" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత పంచాంగం తిరగేస్తూ చెప్పారు. "ఊరుందమ్మా. నాన్నగారు లేదన్న ఊరు. బోర్డు కూడా పెట్టారు. అక్కడెవరికైనా మా అమ్మ తిథి తెలిసి ఉంటుందేమో."

నేను ఊరుకోవచ్చు కదా. "నీకు మొన్న సోమవారం ఏం తిథో తెలుసా నాన్నా? ఎనభై ఏళ్ళ నాటిది వాళ్ళకెందుకు గుర్తుంటుంది?" అన్నాను. ఆయన పంచాంగం మూసి, కళ్ళజోడు తీసి దాని మీద పెట్టారు. ఆ తీసి పెట్టిన పద్ధతి చూసి నా మీద నాకే రోత పుట్టింది. ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. అమావాస్యకు ఇంకా ఎనిమిది రోజులుంది.

ఊరి మొదట్లో వెల్డింగ్ షాపు ఉంది. గేటుకు రంగు వేస్తున్న మనిషికి యాభై ఏళ్ళుంటాయి. అన్నా, యుద్ధం రోజుల్లో విమానాలు దిగిన చోటు ఇక్కడేదైనా ఉందా అని అడిగాను. ఎయిర్‌పోర్టు పక్కనే నిలబడి ఈ ప్రశ్న అడిగితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గాలిమోటర్ల కల్లమా అక్కా? గా గోడకాడ ఉన్నది. జరంతనే మిగిలింది. పోన్రి, నడుస్తది కారు."

యుద్ధమైపోయాక దొరలు వెళ్ళిపోయారు. గట్టిగా తొక్కిన నేల కదా, ఊరివాళ్ళు కొన్నేళ్ళు అక్కడ జొన్నలు కొట్టుకున్నారు, మిరపకాయలు ఎండబోసుకున్నారు. అందుకని కల్లం అయింది. ఆ మనిషి బ్రష్షు డబ్బాలో వేసి, మాతో పాటు నడుస్తూ ఇవన్నీ చెప్పాడు. ఎయిర్‌పోర్టు గోడ వచ్చి దాన్ని అడ్డంగా కోసింది. ఇవతల మిగిలింది రెండు వందల అడుగులుంటుందేమో. ముళ్ళకంప, వయ్యారిభామ మొక్కలు, మధ్యలో ఏమీ మొలవని ఎర్రటి చారిక. గోడ మీద ముళ్ళతీగ. గోడ అవతల ఏదో విమానం పెద్దగా మోగి, లేచి, మా నెత్తి మీదుగా పోయింది.

నాన్న చెప్పులు విడిచారు. రాళ్ళు గుచ్చుకుంటాయని నేనంటూనే ఉన్నాను. చేతికర్ర నాకిచ్చి, ఆ ఎర్రటి చారిక మీద అటూ ఇటూ నడిచారు. ఒకచోట మడమతో రెండుసార్లు గట్టిగా తొక్కి చూశారు. "బాగా తొక్కించారు నాన్నగారు. ఎనభై ఏళ్ళైనా గడ్డి మొలవలేదు చూడు" అన్నారు. ఆ గొంతులో గర్వం ఉంది. పెళ్ళాం పోయిన మర్నాడు కూడా ఆయన రోలరు ఎక్కే ఉంటాడని నేననుకున్నాను.

"రోలరు మీ నాయన నడిపిండా?" అని వెల్డింగ్ ఆయన నాన్నకేసి చూశాడు. "ఆంధ్రాయననా? అయితే మా అమ్మను అడగాలె మీరు. గా ముచ్చటలన్ని మా అమ్మకే ఎరుక."

వాళ్ళమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. నాన్న వయసే ఉంటుంది. సన్నటి మనిషి, చేతులకు వెండి కడియాలు. కొడుకు మా గురించి ఏమీ చెప్పకుండానే, "అమ్మా, రోడ్డు రోలరు ఆయన ముచ్చట చెప్పు వీళ్ళకు" అని రెండు కుర్చీలు వేసి తన పనికి పోయాడు. మేము పేపర్లో రాసేవాళ్ళమనుకుందో ఏమో, ఆమె చాట పక్కకు పెట్టి హుషారుగా మొదలుపెట్టింది.

"ఎన్కటి ముచ్చట బిడ్డా. నేను పాలు తాగే పిల్లను, నాకేం ఎరుక. మా అవ్వ చెప్పేది." అవ్వంటే వాళ్ళమ్మ. "గా రోలరాయన మా ఇంట్లనే కిరాయికుండె. గిదే అర్రల. పెండ్లాం చిన్నపిల్ల. జొన్నరొట్టె తినరాకపోయేది. మా అవ్వ యాడికెల్లో దోసెడు బియ్యం తెచ్చి వండిపెట్టేదంట. గాలిమోటరొస్తే చాలు, రెండు చెవులు మూసుకుని మా అవ్వ కొంగుల దూరేదంట. గిక్కన్నే కాన్పయింది. ఐదు దినాలున్నది. ఆరో దినం పోయింది."

నాన్న కుర్చీలో ముందుకు వంగారు. ఐదు రోజులు. ఆయన ఎప్పుడూ అనుకున్నది కాన్పులోనే అని. ఐదు రోజులు అమ్మ ఉంది, ఎత్తుకునే ఉంటుంది.

"మరి పిల్లవాడు?" అని అడిగారు. గొంతు మామూలుగానే ఉంది.

"పిల్లగాన్ని మా అవ్వనే సాదింది. ఒకదిక్కు నేను, ఒకదిక్కు గాడు. నాకంటే ఆర్నెల్లు చిన్నోడు. మూడు నెలలు పాలిచ్చింది. జర నడక నేర్చేదాంక ఉంచు అని ఎంతో బతిమాలింది గాయన్ను. వింటడా? మా అవ్వ కల్లంకాడికి పోయిన యాళ చూసి ఎత్తుకపోయిండు. ఇగ తొవ్వలనే, రైలుబండిలనే పాణం పోయిందంట పిల్లగానికి. ఎవలో కూలోల్లు మల్లొచ్చి చెప్పిన్రు. మా అవ్వ మూడొద్దులు అన్నం ముట్టలే. పాలు ఆగక గోడకు పిండుకునేదంట."

నేను నోరు తెరిచాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. ఆయన పట్టు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. తన చావు కబురు వింటూ ఆయన తల ఊపారు, ఎవరి ఇంట్లోనో జరిగిన కష్టం వింటున్నట్టు. ఆ తర్వాత తను వచ్చిన పని అడిగారు.

"ఆ తల్లి పోయింది ఏ తిథో మీ అమ్మగారు ఎప్పుడైనా చెప్పారా అమ్మా?"

"తిథులు గిట్ల మాకేం తెల్వదయ్యా. వానకాలం, గంతే. పోయినోళ్ళందరికి పెత్రమాసనే మాకు. గా నాడు బియ్యమిస్తం." మా మహాలయ అమావాస్యే వాళ్ళకు పెత్రమాస. ఆ రోజు పెద్దల పేరు చెప్పి ఒక్కొక్కరికి ఒక్కో పళ్ళెంలో బియ్యం, పప్పు, కూరగాయలు అయ్యగారికి ఇస్తారు. "వాళ్ళవాళ్ళు చేస్తున్నరో లేదో అని మా అవ్వ గామెకొక పళ్ళెం తీసేది. పోతపోత నాకు చెప్పింది, ఇడువకు బిడ్డా అని. పిల్లగానికైతే బియ్యమెందుకు, నోట్ల పండ్లన్న రాకపాయె. ఒక గిలాసల పాలు వోసి తల్లి పళ్ళెం పక్కన పెడ్త. ఒక్క ఏడు తప్పలే."

ఏటా అదే పొద్దున, మైలార్‌దేవ్‌పల్లిలో మా హాల్లో దర్భల మీద కూర్చుని నాన్న అమ్మకు పిండం పెడుతుంటే, గంట దూరంలో ఈమె ఆ అమ్మకు బియ్యం పోసి, పక్కన నాన్నకు పాలు పెడుతోంది.

"ఆ పిల్లగాణ్ణి నేనేనమ్మా" అన్నారు నాన్న.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. సినిమాల్లోలాగా మీద పడి ఏడుస్తుందని నేను ఎదురుచూశానేమో. ఆమె భయపడింది. లేచి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత తలకాయ మీద టపటపా కొట్టుకుంది. "అయ్యో అయ్యో, ఎంత పని చేస్తిని. బతికున్నోని పేరు పెద్దలల్ల తీస్తినా? పానమున్నోనికి పెత్రమాస చేస్తినా? ఎంత పాపం చేస్తినే అవ్వా!" నేను వెళ్ళి చేతులు పట్టుకున్నాను. విదిలించుకుని నాన్న ముందు నేల మీద కూర్చుంది, ఆయన మొహంలోకి చూస్తూ అడిగింది.

"నిజం చెప్పు తమ్మీ. నీకేం కాలే గద? నీ ఇల్లు మంచిగనే ఉన్నది గద? ఆలుబిడ్డలు చల్లగున్నరు గద?"

బండి మీద వెళ్ళి పోయేనాటికి మా తమ్ముడికి ఇరవై రెండేళ్ళు. అమ్మ చివరి ఆరునెలలూ దవాఖాన మంచం మీదే. ఆ రెండు చావుల మధ్య నాన్న జుట్టు ఒక్క ఏడాదిలో తెల్లబడింది. ఇవన్నీ ఆయన కళ్ళలోకి వచ్చి పోవడం నేను పక్కనుంచి చూశాను.

"ఏమీ కాలేదక్కా. అందరం బాగున్నాం. ఇదిగో, కూతురు" అని నన్ను చూపించారు.

నాన్న అబద్ధం ఆడగా అదే మొదటిసారి చూడటం. అంత చక్కగా ఆడతారని అనుకోలేదు. నేను మొహం తిప్పుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాను, ఏడుపు ఆగలేదు.

ఆమె కుదుటపడ్డాక లోపలికి పోయి, పాలు కాచి, గ్లాసు నిండా పోసి తెచ్చింది. మా నాన్న పాలు తాగరు. పెరుగు సరే, నెయ్యి సరే, పాలు వాసన చూస్తేనే వికారం. టీ కూడా పాలు లేకుండానే. ఆ సంగతి చెప్పబోతే కళ్ళతోనే ఊరుకోమన్నారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అడుగు కనిపించేదాకా తాగారు. ఇంటికి వెళ్ళాక రెండు రోజులు కడుపు పాడై మంచం దిగలేదు. "చూశావా" అంటే, "చూశాలే" అని నవ్వారు.

నాయనమ్మను దహనం చేసిన చోటు ఎక్కడని వచ్చేముందు అడిగాం. "కల్లం కొసకే" అంది. కొస ఇప్పుడు గోడ అవతల ఉంది. నాన్న గోడ దాకా వెళ్ళి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి వచ్చేశారు.

కారులో నేను తాతయ్యను తిట్టడం మొదలుపెట్టాను. నా అనుమానం ఇప్పటికీ అదే. పిల్లవాడి కోసం ఆ సాకిన తల్లి వెతుక్కుంటూ వస్తుందని, లేదా రోజూ ఎదురుచూస్తుందని, ఆయనే ఆ కూలీల చేత అలా చెప్పించి ఉంటాడు. పాలిచ్చిన మనిషికి ఒక కబురు, నిజమైన కబురు, పంపడానికి ఏం రోగం? ఇద్దరు ఆడవాళ్ళ చేత ఎనభై ఏళ్ళు బతికున్నవాడికి పితృకార్యం చేయించాడు. అసలు మనిషేనా? నాన్న అన్నీ విని, "చెప్పలేక ఊరుకుని ఉంటారమ్మా. అది నీకు తెలియదులే" అన్నారు. మళ్ళీ తనే, "అయితే నేను తిథి తప్పలేదన్నమాట. ఇక్కడా ఆ రోజే చేస్తున్నారు" అన్నారు. పంచాంగం గొడవ దానితో తీరింది.

అమావాస్య ముందురోజు వెల్డింగ్ ఆయన నాన్న ఫోన్‌కు చేశాడు, నేనెత్తాను. "అమ్మ పరేషాన్ అయితుంది అక్కా. గిలాస పెట్టాల్నా, వద్దా అని." నాన్న ఫోన్ తీసుకుని, "అక్కా, వద్దు. నాకింకా తొందర లేదు" అన్నారు. అటువైపు నవ్వు వినిపించింది.

తర్వాత నెలకోసారైనా తీసుకెళ్ళమనేవారు. నేను విసుక్కుంటూనే తీసుకెళ్ళేదాన్ని. వాళ్ళిద్దరూ ఆ అరుగు మీద పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు. ఆమె పప్పు ఏరేది. ఈయన విమానాలు లెక్కపెట్టేవారు. మందులు వేసుకుంటున్నావా అని ఆమె గద్దిస్తే, తలొంచుకుని వేసుకుంటున్నానక్కా అనేవారు. ఆయన్ను అలా గద్దించే మనిషి లోకంలో ఎవరూ మిగల్లేదప్పటికి. నన్ను లెక్కలో వేసుకోకపోతే.

ఈ ఏడు జ్యేష్ఠంలో నాన్న పోయారు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది, వారం దవాఖానలో ఉన్నారు. కర్మ జరిగిన పన్నెండు రోజులూ ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తులేదు. కబురు చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పాను. గోదావరి చుట్టాలకు, ఫ్యాక్టరీలో కలిసి పనిచేసినవాళ్ళకు, పాలవాడికి కూడా. ఆమె నాలుగో రోజు గుర్తొచ్చింది. వాళ్ళ నంబరు నాన్న ఫోన్లోనే ఉంది. ఆ ఫోను ఛార్జింగ్ అయిపోయి బీరువాలో పడి ఉంది. రేపు చూద్దాం అనుకున్నాను. పదో రోజున, ఇంత ఆలస్యంగా ఎలా చెప్పడం, దినం అయ్యాక స్వయంగా వెళ్ళి చెబుదాం అనుకున్నాను. దినం అయ్యాక సిగ్గు మొదలైంది. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. ఏమని చెప్పను? ఆమె మొహం గుర్తొచ్చిన ప్రతిసారీ ఇంకేదో పని కల్పించుకున్నాను.

పెత్రమాస పొద్దున ఇక ఉండబట్టలేక బయల్దేరాను. ఇంట్లో చేయాల్సినవి చిన్నాన్న చేస్తానన్నారు. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. అరుగు ఎక్కి లోపలికి తొంగిచూస్తే, ఆమె నేల మీద పళ్ళాలు వరసగా పెట్టుకుని బియ్యం పోస్తోంది. మొగుడికి ఒకటి, వాళ్ళమ్మకు ఒకటి, అత్తమామలకు, చివర మా నాయనమ్మకు. దాని పక్కన గ్లాసు లేదు.

నన్ను చూసి మొహం వెలిగింది. నా భుజం మీదుగా కారుకేసి చూసింది.

"తమ్మి దిగలేదా? మోకాళ్ళు మల్ల సతాయిస్తున్నయా? మూడు నెలలాయె, వానలకు వస్తలేడనుకున్న."

నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "జ్యేష్ఠ బహుళ చవితి" అన్నాను. అదొక్కటే వచ్చింది.

ఆమెకు తిథులు తెలియవు. కానీ చేతిలోని బియ్యం చేతిలోనే ఉండిపోయింది. నా నుదుటికేసి, నా చేతులకేసి, మళ్ళీ ఖాళీ కారుకేసి చూసింది. అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది.

"అప్పుడు బతికున్నోన్ని సచ్చిండని చెప్పి పంపిరి. ఇప్పుడు సచ్చినోన్ని బతికిండనుకుంట నేను తొవ్వ చూస్తున్న. మీ ఇంటోళ్ళకు మేమేం ద్రోహం చేసినం బిడ్డా?"

నేను గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాను. నెలల తరబడి తాతయ్యను ఏ మాటలతో తిట్టానో అవన్నీ నాకు గుర్తున్నాయి. పాలిచ్చిన మనిషికి కబురు పంపడానికి ఏం రోగం అన్నాను కదా. ఏ రోగమూ ఉండదు. రేపు చెబుదాం అనుకుంటారు, అంతే. "తప్పయిందమ్మా" అన్నాను. ఇంకేం అనగలను. ఆమె నన్ను ఓదార్చలేదు. అది న్యాయమే.

కాసేపటికి లేచింది. వంటింట్లో పళ్ళాల చప్పుడు వినబడింది. ఒక కొత్త స్టీలు పళ్ళెం తెచ్చి, కొంగుతో తుడిచి, మా నాయనమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. మళ్ళీ పోయి గ్లాసులో పాలు తెచ్చి దాని పక్కన పెట్టింది. "కూరగాయలేం తినేటోడు?" అని నావైపు చూడకుండా అడిగింది. దొండకాయ అన్నాను. బుట్టలో వెతికి నాలుగు దొండకాయలు తీసింది.

ఆమె చేతిలో మళ్ళీ బియ్యం చూసి, పోయబోతున్నదని తెలిసి, నాకు మా ఇంటి శాస్త్రాలు గుర్తొచ్చాయి. చేసిందంతా చేసి, ఇంకా అనడానికి నోరెలా వచ్చిందో తెలియదు.

"ఇంకా ఏడాది తిరగలేదమ్మా. పెద్దల్లో అప్పుడే కలపకూడదేమో."

"ఎవలకైనా ఏడాది ఆగుతం బిడ్డా" అంది ఆమె. "మీ బాపు మా పెద్దలల్ల కలిసి ఎనభై ఏండ్లాయె."

అని బియ్యం పోసింది.